మీ ఊరి వెట్టి ఏ పేరుతో దాక్కుంది? హైదరాబాద్ దఫ్తర్లలో వెతికే పద్ధతి

తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లి "మా ఊరి వెట్టిచాకిరి ఫైళ్లు కావాలి" అని అడిగితే ఏమీ రాదు. ఫైళ్లు లేక కాదు. నిజాం దఫ్తరుకు ఎక్కిన ప్రతి రెవెన్యూ కాగితమూ పట్వారీ, గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్), తహసీల్దారు చేతుల మీదుగా పోయింది. వెట్టి చేయించుకున్నదీ వాళ్లే, వాళ్లు దౌరాకు (తనిఖీ పర్యటనకు) వచ్చి దిగిన గడిలోని దొరే. పుక్కటికి తీసుకున్నదానికి పద్దు ఎవరు రాస్తారు? అందుకే వెట్టి ఇంకో పేరుతో, ఇంకో శాఖలో, చాలాసార్లు వెట్టి చెయ్యనన్నవాడి మీద పెట్టిన కేసుగా దొరుకుతుంది.

ముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీ ఊరు అప్పట్లో ఏ జిల్లా, ఏ తాలూకా. ఇప్పటి జిల్లా పేరు పట్టుకుని పోతే పనికిరాదు. 2016లో జిల్లాలు మారాయి, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 1953లో వరంగల్ నుంచి ఖమ్మం విడిపోయింది. దొడ్డి కొమురయ్య 1946 జులై 4న నేలకొరిగిన కడివెండి, చాకలి ఐలమ్మ భూమి కోసం నిలబడ్డ పాలకుర్తి ఇవాళ జనగామ జిల్లాలో ఉన్నాయి. ఆనాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగం. వరంగల్ కట్టలు ఎన్ని తిప్పినా అవి కనపడవు. మునగాల వైపు వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా మునగాల పరగణా బ్రిటిష్ మద్రాసు ప్రెసిడెన్సీ కింద కృష్ణా జిల్లాలో ఉండేది. అక్కడి కాగితం ఉర్దూలో కాదు, తెలుగులో, ఇంగ్లీషులో ఉంటుంది.

రెండోది, ఊరు ఎవరి కింద ఉండేది. దీవానీ లేదా ఖాల్సా అంటే నేరుగా సర్కారుది. సర్ఫెఖాస్ అంటే నిజాం సొంత ఖర్చుల ఇలాకా. ఇవి కాక పాయిగాలు (నిజాం దగ్గరి నవాబు కుటుంబాల ఎస్టేట్లు), జాగీర్లు, గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాలు, మక్తాలు, అగ్రహారాలు ఉండేవి. దీవానీ ఊరైతే సర్కారు శాఖల ఫైళ్లలో దొరికే వీలుంది. పెద్ద జాగీర్లకు, పాయిగాలకు సొంత దఫ్తర్లు ఉండేవి కాబట్టి వాటి కింది ఊళ్ల రోజువారీ కాగితం సర్కారు కట్టల్లోకి రాకపోవచ్చు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చాక జరిగిన విచారణల్లో మాత్రం ఆ ఊళ్ల పేర్లు వరసగా కనపడతాయి. వాటి కోసం 'అతియాత్', 'ముంతఖబ్' అన్న మాటలు రాసుకుని వెళ్లండి. అతియాత్ అంటే ఇనాములు, జాగీర్ల విచారణ. ముంతఖబ్ అంటే ఆ విచారణలో ఇచ్చిన తీర్పు పత్రం.

మూడోది దశాబ్దం. 'రజాకార్ల టైమ్' అనో 'తాతల నాడు' అనో అంటే కట్ట రాదు. కనీసం పదేళ్ల హద్దు కావాలి.

తేదీ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు

నిజాం రెవెన్యూ కాగితం మీద ఉండేది ఫస్లీ సంవత్సరం. హైదరాబాద్ ఫస్లీ అక్టోబర్ మొదటి వారంలో, ఆజర్ నెలతో మొదలవుతుంది. ఆ తర్వాత దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దీబిహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, చివరికి ఆబాన్. ఈ పన్నెండూ వరసగా ఒక చీటీ మీద రాసి నోట్‌బుక్ అట్టకు అంటించుకోండి, రోజుకు ఇరవైసార్లు చూడాల్సి వస్తుంది.

లెక్క ఇట్లా చెయ్యాలి. ఆజర్, దై నెలలైతే ఫస్లీకి 590 కలపండి. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591 కలపండి. బహ్మన్ డిసెంబర్‌లో మొదలై జనవరి మొదట్లో ముగుస్తుంది కాబట్టి ఎక్కువ రోజులకు 590, చివరి రెండు మూడు రోజులకు 591. ఒక కాగితం మీద '10 ఆబాన్ 1357 ఫస్లీ' అని ఉంటే 1357కు 591 కలిపితే 1948, నెల సెప్టెంబర్. అంటే పోలీస్ యాక్షన్ రోజులు. అలవాటుగా 590 కలిపితే 1947 వస్తుంది, పోలీస్ యాక్షన్ కాగితాన్ని ఏడాది వెనక్కి నెట్టేస్తారు. పోరాట చరిత్రలో ఏడాది తేడా అంటే దెబ్బ కొట్టినవాడు, తిన్నవాడు తారుమారు కావడమే.

మద్రాసు ఫస్లీ అంకెలు ఇంచుమించు ఇవే అయినా ఆ ఏడాది మొదలయ్యేది జులై 1న. మునగాల కాగితాన్ని హైదరాబాద్ లెక్కతో చదివితే మూడు నెలల తేడా వస్తుంది.

ఫర్మానాల (నిజాం ఆజ్ఞల) మీద హిజ్రీ తేదీ ఉండొచ్చు. దానికి సుమారు లెక్క: హిజ్రీ సంఖ్యను 0.97తో గుణించి 622 కలపాలి. 1367 హిజ్రీ అంటే 1326, దానికి 622 కలిపితే 1948. నిజానికి 1367 మొదలైంది 1947 నవంబర్‌లో. అందుకే ఈ సూత్రం కట్ట వెతకడానికి చాలు, పుస్తకంలో రాయడానికి చాలదు. రాసేటప్పుడు హిజ్రీ పట్టిక చూసి రోజు సరిచేసుకోండి.

ఉర్దూ రాకపోయినా అంకెలు నేర్చుకోండి

లిపి నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. అంకెలకు ఒక సాయంత్రం చాలు. కుడి నుంచి ఎడమకు సాగే రాతలో కూడా అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. సున్నా అంటే చుక్క. రెండుకు తల మీద ఒక గంటు, మూడుకు రెండు గంట్లు. ఏడు పైకి నోరు తెరిచిన చీలిక, ఎనిమిది దాన్నే బోర్లించినట్టు. చేతిరాతలో తిప్పలు పెట్టేవి రెండు, మూడు. కలం తొందరగా లాగితే మూడుకు రెండో గంటు పడదు, 1353 కాస్తా 1352 అవుతుంది. అనుమానం వస్తే అదే పేజీలో అదే చేయి రాసిన ఇంకో మూడును వెతికి పోల్చండి. చుక్క ఇంకో మోసం. సిరా మచ్చ, ఈగ రెట్ట, పురుగు తిన్న రంధ్రం అన్నీ సున్నాలాగే కనపడతాయి. కాగితాన్ని కాస్త వంచి వెలుతురు పక్క నుంచి పడేట్టు చూస్తే సిరా సున్నా మెరుస్తుంది, రంధ్రం మెరవదు.

రెవెన్యూ లెక్కల్లో అంకెలకు బదులు రఖమ్ అనే గొలుసుకట్టు గుర్తులు కూడా వాడేవారు. వాటిని సొంతంగా విప్పే ప్రయత్నం చెయ్యొద్దు. పాతబస్తీలో పాత దస్తావేజులు చదివే పెద్దలు ఇంకా ఉన్నారు. పేజీకి ఇంత అని ముందే మాట్లాడుకుని చదివించుకోండి. చదివింది చదివినట్టు రాయించుకోవాలి. అర్థం చెప్పించుకోవడం తర్వాత.

ఊరి పేర్ల సంగతి వేరు. ఉర్దూలో పొట్టి అచ్చులు రాయరు. ళ, ణ లేవు. కడివెండి అన్నది కడవండి, కుడవిండి, కడ్వెండి ఎట్లాగైనా చదవొచ్చు. కాబట్టి మీ ఊరి పేరులోని హల్లులను మాత్రమే రాసుకుని ఎదురయ్యే ప్రతి పేరునూ వాటితో పోల్చండి. ఒకే పేరు ఊళ్లు తాలూకాలో రెండుంటే పక్క ఊరి పేరు, చెరువు పేరు చూసి తేల్చాలి.

పేజీలో ఏది ఎక్కడ

అర్జీ కాగితం తీసుకోండి. పైన నిషాన్ మిసల్, అంటే ఫైలు నంబరు. సీగా అంటే శాఖ. ఆ కింద మౌజే అని ఊరు, తాలూకా, జిలా. మనిషి పేరు తర్వాత వల్ద్ అంటే తండ్రి పేరు, ఖౌమ్ అంటే కులం, సాకిన్ అంటే ఉండే ఊరు. చిత్రమేమిటంటే దొరకు పేరు వెనక బిరుదు, ఇంటి పేరు, హోదా అన్నీ ఉంటాయి. వెట్టివాడికి ఒంటి పేరు, తండ్రి పేరు, కులమే ఉంటాయి. ఒకే ఊళ్లో నలుగురు మల్లయ్యలు ఉంటే విడదీసేది తండ్రి పేరు ఒక్కటే. అందుకే వల్ద్ తర్వాతి మాటను ఎన్నడూ వదలొద్దు.

హోదాల్లో ఒక ఉచ్చు ఉంది. తాలూక్‌దార్ అంటే తాలూకా అధికారి అనుకుంటారు. కాదు, అవ్వల్ తాలూక్‌దార్ అంటే జిల్లా కలెక్టర్. దోయం తాలూక్‌దార్ ఆయన కింది డిప్యూటీ. తాలూకాను చూసేది తహసీల్దారు. సుబేదార్ జిల్లాల మీది అధికారి, సిపాయి కాదు. ఊళ్లో మాలీ పటేల్ శిస్తుకు, పోలీస్ పటేల్ తగాదాలకు, పట్వారీ లెక్కలకు. ముగ్గురివీ వారసత్వపు వతన్లే (ఉద్యోగ హక్కులే). 1984 దాకా ఆ పద్ధతి సాగింది.

వెట్టికి ఉన్న మారుపేర్లు

ఉర్దూ ఫైలులో మొదట వెతకాల్సిన మాట బేగార్. తర్వాత రసద్, సర్‌బరాహీ. అధికారి దౌరా మీద వచ్చినప్పుడు కోళ్లు, పాలు, గడ్డి, కట్టెలు, బండ్లు సమకూర్చడం అని వాటి అర్థం. కాగితం మీద 'ఏర్పాటు', ఊళ్లో వెట్టి. దౌరా ఖర్చుల బిల్లు దొరికితే తిప్పి చూడండి: బండి బాడుగ సర్కారు నుంచి వసూలైందా? వసూలైతే అది బండివాడికి చేరిందనడానికి వేలిముద్ర ఉందా? ముద్ర లేని బాడుగ మంచి ఆనవాలు. అయితే ఒక్క బిల్లుతో తీర్మానించొద్దు. అదే తహసీల్దారువి నాలుగైదు దౌరాలు పోల్చండి.

జీతగాడి కాగితమైతే భగేలా అన్న మాట వెతకండి. అప్పు కింద తరతరాలు పనిచేసే ఒప్పందం అది. దాన్ని అదుపు చేస్తామంటూ 1936లో రెగ్యులేషన్ వచ్చింది. ఆ తర్వాత రాసిన ఒప్పందాల్లో భాష మారింది, పని మారలేదు. రెగ్యులేషన్‌కు ముందూ తర్వాతా ఒక్కో కాగితం పక్కపక్కన పెట్టి చదవడం ఒక్కటే దీనికి మార్గం.

యుద్ధకాలం ఫైళ్లలో లేవీ అని ఉంటుంది. రైతు గింజను సర్కారు ధరకు బలవంతంగా కొన్న పద్ధతి. దొరల గరిసెలు వదిలి చిన్న రైతు గాదె ఊడ్చారని ఫిర్యాదులు ఇందులోనే ఉంటాయి. సంఘం (ఆంధ్ర మహాసభ) మనుషుల మీద కేసులు మాల్ (రెవెన్యూ) శాఖలో దొరకవు. అవి అదాలత్ (న్యాయ), కొత్వాలీ (పోలీసు), ఉమూరె ఆమా (సాధారణ పరిపాలన) శాఖల్లో చూడాలి. అక్కడ వెట్టి చెయ్యనన్న మనిషి 'శాంతిభద్రతలకు భంగం' అయిపోతాడు. ముచ్చల్కా, అంటే బుద్ధిగా ఉంటానని రాయించుకున్న పూచీకత్తు, దొరికితే సంబరపడండి. దాని మీద మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు నాలుగూ ఉంటాయి.

భూమి దేశ్‌ముఖ్ చేతికి ఎట్లా వచ్చింది

మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయ్యాక శిస్తు వసూలును గుత్తల నుంచి తప్పించి సర్కారు ఉద్యోగులకు అప్పగించాడు. 1865లో జిల్లాబందీ, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడదీసిన పద్ధతి, వచ్చింది. అంతకుముందు వారసత్వంగా శిస్తు వసూలు చేసి, ఇప్పుడు ఆ పని పోయిన దేశ్‌ముఖ్‌లకు, దేశ్‌పాండ్యాలకు పరిహారంగా రుసుం అనే నగదు భత్యం ఇచ్చారు. ఆ తర్వాత సర్వే సెటిల్‌మెంట్లు జరిగినప్పుడు పాత లెక్కలు వాళ్ల దగ్గరే ఉండటంతో దున్నేవాడి భూమి వాళ్ల పేరున ఎక్కింది. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలని పోరాట చరిత్రల్లో చదువుతాం. అంత భూమి ఒక్క రోజులో రాలేదు, సర్వే నంబరు తర్వాత సర్వే నంబరుగా వచ్చింది. ఆ వరస మీ ఊళ్లో చూడాలంటే రెండు కాగితాలు కావాలి. ఒకటి సేత్వార్, తొలి సర్వే నాటి పట్టాదారుల పద్దు. రెండోది 1954-55 ఖాస్రా పహాణీ, సర్వే నంబర్ల వారీగా భూమి ఎవరిదో రాసిన పద్దు.

ఖాస్రాలో పట్టాదారు వేరు, ఖబ్జాదారు (భూమి ఎవరి స్వాధీనంలో ఉందో వాడు) వేరు. పట్టా దొర పేరున, ఖబ్జా కౌలుదారు పేరున ఉన్న నంబర్లన్నీ విడిగా రాయండి. ఆ పేర్లను 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల జాబితాతో పోల్చండి. ఖాస్రాలో ఖబ్జా ఉండి రక్షిత జాబితాలో పేరు లేనివాడు ఎవరో, వాడి ఇంట్లో అడగండి. అసలు కథ అక్కడ ఉంటుంది. విస్తీర్ణం ఎకరా-గుంటల్లో ఉంటుంది: 40 గుంటలు ఒక ఎకరం, గుంటకు 121 చదరపు గజాలు. '3-20' అంటే మూడున్నర ఎకరాలు. దీన్ని దశాంశంగా 3.20 అని కంప్యూటర్‌లో ఎక్కించి కూడితే మొత్తం తప్పుతుంది. ముందు గుంటల్లోకి మార్చి, అంటే 140 అని రాసి, కూడాక మళ్లీ 40తో భాగించాలి.

ఖాస్రా నకలు తహసీల్దారు కార్యాలయంలో దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇరవై ఏళ్లు దాటిన సంగతులను చాలా మినహాయింపులు చూపి ఆపడానికి సెక్షన్ 8(3) ఒప్పుకోదు. ఆ సెక్షన్‌ను దరఖాస్తులోనే రాయండి. 'మా ఊరి పాత రికార్డులన్నీ' అని అడిగితే తిరిగొస్తుంది. సర్వే నంబర్లు, సంవత్సరం, రిజిస్టరు పేరు విడివిడిగా అడగండి.

డబ్బు, గింజ

నిజాం రూపాయి హాలీ, బ్రిటిష్ రూపాయి కల్దార్. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. కూలి రేట్లు పోల్చేటప్పుడు ఏ రూపాయో రాయకపోతే ఆ పోలిక చెల్లదు. కూలి ఆరణాలని మద్రాసు కాగితంలో, ఏడణాలని నిజాం కాగితంలో ఉంటే రెండూ ఒకటే.

గింజ విషయంలో ఇంకా జాగ్రత్త. మానిక, కుంచం ఊరూరికీ మారేవి. దొర కొలిచి ఇచ్చే మానిక, కొలిచి పుచ్చుకునే మానిక ఒకటి కావని ముసలివాళ్లు చెప్తే కొట్టిపారేయకండి. కిలోల్లోకి మార్చకుండా ఊరి కొలతలోనే రాయండి. నాగు అంటే తిండికో విత్తనానికో తెచ్చుకున్న గింజ అప్పు. చాలాచోట్ల సగం అదనంగా కొలవాలి. పది కుంచాలు తెస్తే పంటకు పదిహేను. కరువొచ్చి కట్టకపోతే పదిహేను మీద మళ్లీ సగం, మరుసటేడు ఇరవై రెండున్నర. భగేలా ఒప్పందం రాసిన తేదీకి రెండేళ్ల ముందు కరువు ఉందేమో చూడండి.

ఏ దఫ్తరుకు ఎందుకు

తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌కు శాఖల ఫైళ్ల కోసం. గుర్తింపు కార్డు, కాలేజీ లేదా తెలిసిన సంస్థ నుంచి లేఖ, మీ పని చెప్పే ఒక పేరా పట్టుకెళ్లండి. వెళ్లే ముందు ఫోన్ చేసి ఫోటోలకు అనుమతి, రుసుము కనుక్కోండి. పెన్సిల్ తీసుకెళ్లండి, పెన్ను లోపలికి పట్టుకుపోవద్దు.

అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి పాత గెజిట్లు, పత్రికల కోసం. 1891లో మొదలైన ఆసఫియా లైబ్రరీయే ఇది. నిజాం గెజిట్ అని అడక్కుండా జరీదా అని అడగండి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉర్దూ పత్రికల పెద్ద సేకరణ ఉంది. 2000 ఆగస్టు వరదల్లో నీళ్లొచ్చి కొంత దెబ్బతింది కాబట్టి అక్కడి పేజీలను ఇంకా మెల్లిగా తిప్పాలి.

సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నాటిది. సుల్తాన్‌బజారే ఎందుకంటే, కోఠీ రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లు 1933 దాకా నిజాం పోలీసుల చేతిలో లేవు, బ్రిటిష్ రెసిడెంట్ కింద ఉన్నాయి. ఊళ్లో నోరెత్తలేని మాట ఇక్కడి సభలో వినపడటానికి కాస్త వీలుండేది. దాన్ని బ్రిటిష్ వాళ్ల దయ అనుకోవద్దు. 1798 ఒప్పందంతో నిజాం నెత్తిన సైన్యాన్ని, దాని ఖర్చును పెట్టింది ఈస్టిండియా కుంపిణీయే. ఆ బరువు చివరికి శిస్తుగా రైతు మీదే పడింది. 1857 జులై 17న తుర్రెబాజ్‌ఖాన్ దాడి చేసిన ఆ రెసిడెన్సీ భవనం ఇవాళ చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయంలో ఉంది. రెసిడెన్సీ సొంత ఫైళ్లు మాత్రం ఇక్కడ లేవు, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి సూచీని అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చునే చూడొచ్చు.

1926లో మొదలైన గోలకొండ పత్రికను ఏడాదికేడాది తిరగేయండి. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది, 1944 భువనగిరి సభతో పగ్గాలు కమ్యూనిస్టుల చేతికి వచ్చాయి. ఈ రెండు తేదీల మధ్య ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలే మీకు కావాల్సినవి. పెద్ద వార్త వదిలి చివరి పేజీల చిన్న అక్షరాల్లో చూడండి.

ముసలివాళ్లను అడిగే తీరు

'మీరు వెట్టి చేశారా' అని అడిగితే 'లేదు బిడ్డా' అంటారు, అది అవమానపు మాట కాబట్టి. 'గడికి కుండలెవరు తెచ్చేవారు, తెచ్చినప్పుడు ఏమిచ్చేవారు, పెళ్లి రోజున కట్టెలెవరు కొట్టారు' అని పనిని అడగండి. వయసు అడగొద్దు, పోలీస్ యాక్షన్ నాటికి పెళ్లయిందా, పాలు తాగే పిల్లా అని అడగండి. అప్పటి కొడుకులు, కూతుళ్లే ఇప్పుడు మిగిలారు కాబట్టి తమ కళ్లతో చూసిందేదో, తల్లి చెప్తే విన్నదేదో రెండు రంగుల సిరాలో రాసుకోండి. దొర వారసుల ఇంట్లోనూ అడగండి. వాళ్ల అటకల మీది పద్దు పుస్తకాలు చూపించమంటే ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. నాగు పద్దు ఒక్కటి దొరికినా పది ఇంటర్వ్యూల పెట్టు.

ఇక ఫోటోల సంగతి. ప్రతి ఫైలుకూ మొదటి ఫోటో అట్టది కావాలి, నిషాన్ మిసల్ కనపడేట్టు. లేకపోతే ఇంటికొచ్చాక మూడొందల ఫోటోలు ఏ కట్టవో తెలియక మళ్లీ తార్నాక బస్సెక్కాల్సి వస్తుంది.